మర్యాదైన మాట

మొదట చప్పుడు వినిపించింది. రాతి కింద ఇనుము దూరిన చప్పుడు. దూరి, ఒరుసుకుని, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, మళ్లీ ఒరుసుకున్న చప్పుడు. ఆపైన, ఇరవై ఏళ్లుగా పట్టుకున్న సిమెంటు పట్టు సడలి, బండ టప్పున పైకి లేచింది.

కళ్లు తెరవకుండానే జ్యోత్స్నకు తెలిసిపోయింది, అది ఏ బండో. వాకిట్లోవి నాలుగూ నిన్ననే పోయాయి. ఇది గడప లోపలిది.

లేచి కూర్చుంది. తెల్లవారిన వెలుగులో తండ్రి మోకాళ్ల మీద ఉన్నాడు. చేతిలో గడ్డపార. పక్కన, అంచులు తుడిచి గోడకు నిలబెట్టిన షాబాదు బండ. బండ లేచిన చోట చతురస్రంగా తడిమట్టి, అందులో దారి తప్పి తిరుగుతున్న చీమలు.

ఆ ఇంటి నేలంతా ఆయన పరిచిందే. గచ్చిబౌలిలో, నానక్‌రాంగూడలో, అపార్ట్‌మెంట్లు లేచిన ప్రతి చోటా బండలు పరిచిన మేస్త్రీ ఆయన. పని ముగిసిన ప్రతి చోటా మూల విరిగిన బండ ఒకటో రెండో అడిగి తెచ్చుకున్నాడు. విరిగిన మూలలు కనబడకుండా గోడల వైపు తిప్పి వేశాడు. అలా పదకొండేళ్లకు రెండు గదులూ నిండాయి.

"నాయినా, ఇయ్యాల పదకొండింటికి విచారణ ఉన్నది. ఏం తేలకముందే గిట్ల బండలు పీకుతవేంది?"

"తేలేదేమున్నది బిడ్డా? పదిహేనో తారీఖు దాటినంక మిషన్ వస్తది. మిషన్‌కు బండా తెల్వది, బొమ్మా తెల్వది. అన్నిట్నీ ఒక్కతీరుగ పలగ్గొడ్తది. నేను పరిచింది నేనే తీస్కపోత."

"ఎక్కడికి తీస్కపోతవ్?"

ఆయన గడ్డపార మొనకు అంటిన మట్టిని బొటనవేలితో తీసి, పక్క బండ సందు వెతుక్కున్నాడు.

పొయ్యి దగ్గర బియ్యం చెరుగుతున్న నీలమ్మ చేట ఆపింది. తల ఎత్తలేదు.

"జ్యోత్స్నా, గా మనిషికి చెప్పు. ఈ బండ మీద నేను కూసున్న. నన్ను గూడ గడ్డపారతోని లేపుతడా ఏంది, అడుగు."

"మీ అమ్మకు చెప్పు బిడ్డా. ఆ బండ ఆఖరుకు తీస్త."

"ఆఖరుకంటే ఎప్పుడో అడుగు."

"ఆమె లేస్తనే అని చెప్పు."

ఆరు రోజులుగా ఆ ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తున్నాయి. కూతురి మీదుగా పోతాయి, కూతురి మీదుగా వస్తాయి. రెండు అడుగుల దూరంలో కూర్చున్న ఇద్దరి మధ్య ఆమె ఒక్కతే తోవ.

ఆరు రోజుల క్రితం, బియ్యం డబ్బా వెనక, మడత పెట్టిన కాగితం నీలమ్మ చేతికి దొరికింది. ఇంగ్లీషు కాగితం నకలు. అడుగున భర్త సంతకం. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన జ్యోత్స్న దాన్ని ఒకసారి చదివి, నమ్మలేక రెండోసారి చదివి, చదివింది తల్లికి చెప్పలేక మూడోసారి చదివింది.

ఖాజాగూడ గుట్టల వాలులో, చెరువుకూ టవర్లకూ నడుమ, ముప్ఫై ఎనిమిది ఇళ్లు. వాటి మీదుగా లింకు రోడ్డు పోతుందట. కాంట్రాక్టు మనిషి ప్రతి ఇంటికీ రెండు కాగితాలు ఇచ్చి పోయాడు. మొదటి దాని పేరు ఎవిక్షన్. ఆఫీసు వాళ్లే వచ్చి ఇంటిని తీసేస్తారు. తీసేసినందుకు వేరే చోట రెండు గదుల ఫ్లాట్ ఇస్తారు. రెండో దాని పేరు వాలంటరీ వెకేట్. మా ఇష్టంతో మేమే ఖాళీ చేస్తున్నాం, మాకు ఎవరూ ఏమీ ఇవ్వనవసరం లేదు అని అందులో ఉంది. ముప్ఫై ఏడు ఇళ్ల వాళ్లు రెండో కాగితాన్ని ముట్టుకోలేదు. ఒక్క ఇంటాయన సంతకం చేశాడు. ఆ సంతకం మీద నీలమ్మ పెట్టిన అభ్యంతరానికే ఇవాళ్టి విచారణ.

ఎందుకు చేశాడో బస్తీలో ఎవరికీ తెలియదు. నీలమ్మకూ తెలియదు. తెలిసింది జ్యోత్స్నకు ఒక్కదానికే.

*

వాకిట్లో కారు తలుపు పడింది. రవీందర్ వచ్చాడు. నీలమ్మ తమ్ముడు. కంపెనీల క్యాబ్ నడుపుతాడు. రాత్రి డ్యూటీ ఆడపిల్లలను మదీనాగూడలో దింపి, పొద్దుటి ట్రిప్పు మొదలయ్యే లోపల ఉన్న ముప్పావు గంటను అక్కకోసం తెచ్చాడు.

గడపలో అడుగు వేయబోయి, మట్టిగుంత చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఏంది బావా ఇది? చెరువు ఇంట్లకే తోడుతున్నవా?"

"రా రవీ, కూసో," అన్నాడు బావ.

"ఎక్కడ కూసోవాలె? కూసునే జాగ నువ్వు ఉంచితే గద!"

నీలమ్మ చాయ్ గ్లాసు తమ్ముడి చేతికిచ్చింది. రెండో గ్లాసు నేల మీద పెట్టి, భర్త వైపు చూడకుండా, కాలి మునివేళ్లతో ఇంత ముందుకు జరిపింది. ఆయన అందుకున్నాడు. అలిగిన ఆరు రోజుల్లోనూ ఆ చాయ్ ఒక్క పూటా ఆగలేదు, ఒక్క పూటా చేతికి అందలేదు.

"అక్కా, నేను దారి పట్టుకొచ్చిన," అన్నాడు రవీందర్. "రాత్రంత స్టీరింగ్ మీద అదే ఆలోచన. నీ రేషన్ కార్డు ఎక్కడున్నది?"

"ఎందుకు?"

"అండ్ల బావ పేరు ఏమున్నది?"

నీలమ్మ ముఖంలో చాలా రోజుల తర్వాత చిన్న నవ్వు కదిలి, కదిలినంత తొందరగా ఆగిపోయింది.

ఆ కార్డు కథ ఆ ఇంట్లో పాత హాస్యం. జ్యోత్స్న పుట్టిన ఏడాది బస్తీలో రేషన్ కార్డులు రాశారు. అందరి భర్తల్లాగే నీలమ్మ భర్తా ఆ పొద్దు పనిమీద ఉన్నాడు. పెనిమిటి పేరు చెప్పమన్నాడు గుమాస్తా. పెనిమిటి పేరు పలకడం ఆమె పుట్టిన ఇంట్లో లేదు, మెట్టిన ఇంట్లో లేదు. "మా ఇలవేల్పు పేరే సారూ, దేవుని పేరు," అంది సిగ్గుతో. వెనక వందమంది వరుస. ఏ దేవుడని అడిగే తీరిక ఆయనకు లేదు. దేవయ్య అని రాసుకున్నాడు.

ఆ కార్డు చూపించే ఆమె ఆధార్ తీసుకుంది. ఆ ఆధార్ చూపించే కరెంటు మీటరు వచ్చింది. మీటరు చూపించే ఇంటి పన్ను రసీదు వచ్చింది. ఒక్క సిగ్గు నాలుగు కాగితాలకు పాకింది. పని వెంట తిరిగే భర్త ఆధార్ మాత్రం ఇప్పటికీ అచ్చంపేట దగ్గర సొంతూరి చిరునామా మీదే ఉంది. సరిచేయించమంటే నీలమ్మ ఎప్పుడూ ఒకే మాట అనేది: సరిచేయాలన్నా మళ్లా ఎవరో ఒకరి ముంగట ఆ పేరు చెప్పాల్నాయె.

"దేవయ్య," అన్నాడు రవీందర్, తాళంచెవి దొరికినవాడిలా. "ఇల్లు నీలమ్మది, నీలమ్మ పెనిమిటి దేవయ్య. సర్కారు కాగితాలన్నీ ఇదే మాట చెప్తున్నయి. మరి సంతకం పెట్టింది ఎవరు? దేవయ్యా? కాదు. ఎవడో పరాయోడు. పరాయోడు పెట్టిన సంతకం మన ఇంటికి ఎట్ల చెల్లుతది? ఆ కాగితం చింపేస్తరు. అక్క పేరు మొదటి లిస్టుల ఎక్కుతది. ఫ్లాట్ వస్తది. అయిపాయె!"

వాకిట్లో కారు ఇంజిన్ చల్లబడుతూ టిక్కుటిక్కుమంది.

"మంచిగున్నది," అన్నాడు బావ, చాయ్ గ్లాసు తిప్పుతూ. "మరి నేనెవర్ని రవీ?"

"నువ్వు కిరాయికి ఉన్నవ్ బావా. వెనక అర్రల."

"ఎప్పటిసంది?"

"నాలుగైదేండ్లు అనుకో."

"మరి జ్యోత్స్నకు ఇరవై మూడేండ్లు గద."

నీలమ్మ చేటను నేల మీద విసిరినట్టే పెట్టింది. నాలుగు గింజలు ఎగిరి మట్టిగుంతలో పడ్డాయి.

"నోరు మంచిగ రానియ్ రవీ. ఏం మాట్లాడుతున్నవో సోయున్నదా?"

"ఉన్నది కాబట్టే మాట్లాడుతున్న. లేంది నీ మొగనికి! ఊరంత ఒక తొవ్వ, ఆయన ఒక తొవ్వ. ముప్ఫై ఏడిండ్లకు తెలిసింది ఆయనకు తెల్వదా? ఎవడు చెప్పిండట, గా కాగితం మీద సంతకం పెట్టుమని?"

"నేను చెప్పిన," అంది జ్యోత్స్న.

అనుకున్నంత కష్టంగా లేదు ఆ మాట. నోటి నుంచి దానంతట అదే జారింది. జారిన తర్వాతే బరువు తెలిసింది.

*

మాదాపూర్‌లో జ్యోత్స్న పనిచేసే సంస్థ, ఐటీ ఉద్యోగులకు అద్దె గదులు చూపించి నడుపుతుంది. గడువు ముగిసినా కదలని వాళ్లకు ఉత్తరాలు రాయడం ఆమె కొలువు. ఆమె బల్ల ఎదుట ఒక జాబితా అంటించి ఉంటుంది. పై సగంలో వాడకూడని మాటలు: ఎవిక్ట్, ఎజెక్ట్, ఎక్స్‌పెల్, ఔస్ట్, డిస్‌ప్లేస్. కింది సగంలో వాడదగిన మాటలు: వెకేట్, రీలొకేట్, మూవ్ ఔట్. పై మాటలన్నిటికీ వెనక ఒక చెయ్యి ఉంటుంది, ఆ చెయ్యి కనబడకూడదు, మనిషి తనంతట తానే వెళుతున్నట్టు ఉండాలి. చేరిన మొదటి రోజు మేనేజరు చెప్పిన పాఠం అది.

జ్యోత్స్నకు ఆ పాఠం నచ్చింది. ఒక్కో మాటకు ఒక్కో బరువు ఉండటం, బరువు చూసి మాటను ఏరుకోవడం, తండ్రి బండను తట్టి చూసి ఏరుకున్నట్టే అనిపించింది. నోటీసులు వచ్చిన వారం, అన్నం తింటూ తండ్రి అడిగాడు, ఈ రెండు మాటలకూ తేడా ఏంది బిడ్డా అని. ఆమె మురిసిపోతూ విడమరిచింది. ఎవిక్ట్ అంటే గెంటేసుడు నాయినా. మెడపట్టి బయటకు దొబ్బినట్టు. వెకేట్ అంటే మనమే లేచి పోవుడు. అది మర్యాదైన మాట.

కాగితం కింద ఏముందో ఆ రోజు ఆమె చదవలేదు. మాటలే చూసింది.

ఇదంతా ఇప్పుడు చెప్పింది. ముక్కలు ముక్కలుగా, తలుపు చెక్క వైపు చూస్తూ చెప్పింది.

"నువ్వా!" అన్నాడు రవీందర్. "ఇంగ్లీషు సదివిచ్చింది ఇందుకా? ఇల్లు ముంచేటందుకా?"

"బిడ్డను అనకు," అన్నాడు తండ్రి. గొంతు పెంచలేదు. పెంచని గొంతుకే రవీందర్ ఆగాడు. "బిడ్డ అడిగింది చెప్పింది. చెప్పిన దాంట్ల తప్పు లేదు. సంతకం నా ఇష్టంతోని పెట్టిన."

"ఎందుకు పెట్టినవ్ బావా, అదే అడుగుతున్న!"

తండ్రి గ్లాసు కింద పెట్టాడు. తన అరచేతులు చూసుకున్నాడు. బండల అంచులు కోసిన పాత గీతలు, చేతి గీతలూ ఏవి ఏవో తెలియకుండా కలిసిపోయి ఉన్నాయి.

"జీడిమెట్ల షెడ్లల్ల ఉన్నప్పుడు మీ అక్క నిండు గర్భిణి," అన్నాడు. "ఒకరోజు ఎసరు పెట్టింది. అన్నం ఇంకా పలుకుమీద ఉన్నది. జీపుల వచ్చిండ్రు. ఎవ్వర్నీ ఏం అడగలే. పొయ్యి మీది గిన్నె కాలుతోని తన్నిండ్రు. అన్నం మన్నుల వడ్డది. మీ అక్క ఒంగి, ఆ అన్నం ఎత్తుకోబోయింది రవీ. ఆ కడుపుతోని. గింజ గింజ ఏరబోయింది. ఒగడు నవ్విండు. నాకు ఆ నవ్వు ఇంకా ఇనబడ్తది."

నీలమ్మ మట్టిగుంతలో పడ్డ గింజల వైపు చూసింది.

"గెంటేస్తే పొయినోళ్లం ఒక్కసారైనం. మళ్లోసారి, నా బిడ్డ ముంగట, గెంటేసిండ్రు అని తలుపు మీద అతికిచ్చుకొని పోవద్దనుకున్న. నేనే పోతున్న, నా బండలు నేనే తీస్కొని పోతున్న అని రాసిచ్చిన. కింద ఫ్లాట్ ముచ్చట ఉన్నదని నాకు ఎర్క లేదు. ఎర్క ఉంటే పెడ్తుంటినా, పెట్టకపోతుంటినా, అది గూడ చెప్పలేను."

"మాకు ఒక్క మాట చెప్పొద్దా?" అంది నీలమ్మ. ఆరు రోజుల్లో మొదటిసారి, కూతురి మీదుగా కాకుండా, సూటిగా.

"చెప్తే వద్దంటవ్."

"అంటుంటి."

"అందుకే చెప్పలే."

ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుంది. కోపమో, మరొకటో, జ్యోత్స్నకు తేలలేదు.

రవీందర్ గడియారం చూసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. అతని మాటలో ఇందాకటి వాడి లేదు. "బావా, నీ మర్యాద నాకు సమజైంది. కాని పదిహేనో తారీఖు నాడు మర్యాద మీద గోనెసంచి పరుచుకొని పండుకోలేరు. వెనక అర్రల కిరాయిదారు అన్న ఒక్క మాట. ఒక్క గంట. అంతే. మళ్లీ నువ్వే నా బావవు, ఇదే నీ ఇల్లు. జ్యోత్స్నా, నీ పదో తరగతి మెమోల మీ నాయిన అసలు పేరుంటది గద?"

"ఉన్నది. బళ్లె ఏసింది నాయినే."

"అది విచారణకు తేకు."

జ్యోత్స్న తండ్రి వైపు చూసింది. తండ్రి గడ్డపారను గోడకు ఆనించాడు. కుండలో నీళ్లు ముంచుకుని, వాకిట్లో చేతులు కడుక్కున్నాడు. మోచేతుల దాకా, తొందర లేకుండా. లోపలికి వచ్చి, దండెం మీది చొక్కా తీసుకుని గుండీలు పెట్టుకున్నాడు. పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు.

"రవీ చెప్పింది ఖరారే," అన్నాడు. "నీలమ్మా, నువ్వు అబద్ధం ఆడనక్కర లేదు. ఎప్పటి లెక్కనే ఊకుండు. పేరు అడుగుతరు. ఎప్పటి లెక్కనే చెప్పకు. అంతే."

గడప దాటి, గుంత పక్కనుంచి, గుట్ట వైపు నడిచాడు. వెనక్కి తిరగలేదు.

జ్యోత్స్న సంచిలోంచి మెమో తీసింది. ఒకసారి విప్పి చూసింది. మడిచి, పరుపు కింద పెట్టింది. పెట్టిన చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.

*

బస్తీ కమ్యూనిటీ హాలులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గాలి మాత్రం రావడం లేదు. కిటికీ అవతల టవర్ల అద్దాల్లో ఎండ విరిగి, లోపలి గోడ మీద కదులుతోంది. బల్ల వెనక నవనీత మేడం కూర్చుని ఉంది. ప్రాజెక్టు ఆఫీసు పంపిన అధికారి. గోదావరి వైపు మాట, అలసిన కళ్లు, ముందు లాప్‌టాప్, పక్కన ఒక సహాయకుడు పట్టుకున్న ఫోను. చెప్పే ప్రతి మాటా అందులో రికార్డవుతుంది.

"రండమ్మా, కూర్చోండి. నీలమ్మ గారేనా? మంచినీళ్లు తాగుతారా?"

నీలమ్మ కుర్చీ అంచున కూర్చుంది. జ్యోత్స్న వెనక నిలబడింది, పక్కన రవీందర్. బస్తీ ఆడవాళ్లు గోడల వెంట కూర్చున్నారు. తలుపు దగ్గర మగవాళ్ల గుంపు. ఆ గుంపు చివర, భుజాన సంచితో తండ్రి. పరాయివాడిలా, ఎవరికీ ఆనకుండా.

"మీ ఇంటి తరఫున స్వచ్ఛందంగా ఖాళీ చేస్తామని పత్రం వచ్చిందండి. అది మీకు తెలియకుండా జరిగిందని మీ అభ్యంతరం. అవునా?"

"అవును మేడం," అన్నాడు రవీందర్. "సంతకం పెట్టింది ఇంటాయన గాదు. కార్డుల చూడుండ్రి, ఇంటాయన పేరు దేవయ్య. సంతకం పెట్టింది వెనక అర్రల కిరాయికున్న మనిషి."

నవనీత కార్డు చూసింది. పత్రం చూసింది. రెండు పేర్లనూ పోల్చింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"అలాగైతే ఇది తేలిక విషయం కాదండి. మీకు మాత్రం మేలే జరుగుతుంది. ఈ పత్రం కొట్టేస్తాను. నీలమ్మ గారి పేరు ఫ్లాట్ల జాబితాలోకి వెళుతుంది." ఆమె ఆగింది. "కానీ కిరాయికి ఉన్న మనిషి ఇంటి యజమానిలా సంతకం చేశాడంటే, దాన్ని నేను ఊరికే వదలలేను. ఆయన మీద ఇవాళే ఎవిక్షన్ ఆర్డర్ రాయాలి. ఆ ఇంట్లోంచి ఆయన్ని బయటికి పంపించేస్తారు. రేపు మీకొచ్చే ఫ్లాట్‌లో కూడా ఆయన ఉండటానికి వీల్లేదండి. తనిఖీకి వస్తూనే ఉంటారు."

"మేడం, అంత దూరం ఎందుకు..." అని రవీందర్ నసిగాడు.

"రూలండీ. నేను పెట్టింది కాదు."

జ్యోత్స్న నిలబడిన చోటు నుంచి లాప్‌టాప్ తెర కనిపిస్తోంది. నవనీత వేళ్లు కదిలాయి. తెర మీద ఆ మాట పెద్ద అక్షరాల్లో వరుసగా లేచింది. రెండేళ్ల కొలువులో జ్యోత్స్న ఒక్కసారి కూడా వాడని మాట, వాడనివ్వని మాట. దాని పక్కన చుక్కలు. చుక్కల్లో నింపాల్సిన ఒక్క మనిషి పేరు.

తండ్రి ఎత్తుకుపోవాలనుకున్నది బండలను కాదు. ఈ మాట నుంచి తనను తాను. అది ఇప్పుడు ముప్ఫై ఎనిమిది ఇళ్లనూ వదిలి, ఆయన ఒక్కడి మీదికే వచ్చి కూర్చుంటోంది.

ఆమె తలుపు వైపు తిరిగింది. తండ్రి అంతా విన్నాడు. ముఖంలో ఏమీ లేదు. కూతురి కళ్లు కలిసినప్పుడు తల మెల్లగా ఆడించాడు. కానియ్యండి అన్నట్టు. జ్యోత్స్న పెదవులు విడివడ్డాయి. రవీందర్ వేళ్లు ఆమె మణికట్టు మీద బిగిశాయి.

"ఒక్క నిమిషం జ్యోత్స్నా, ఒక్క నిమిషం ఊకుండు," అన్నాడు చెవిలో. ఆజ్ఞలా లేదు, బతిమాలినట్టు ఉంది.

"నీలమ్మ గారూ," అంది నవనీత, "మీ భర్త పేరు మీ నోటితో చెప్పాలండి. నేను అందించకూడదు, మీ తమ్ముడూ అందించకూడదు. ఫోను వైపు చూసి చెప్పండి."

నీలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సిగ్గుపడకండమ్మా. మా అమ్మమ్మా ఇంతే."

గోడ దగ్గర నవ్వులు కదిలాయి. "అది ఆమె చెప్పేది గాదు మేడం," అంది పక్కింటి సరోజమ్మ. "ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. ఆయన అన్నానికి రాకుంటే గూడ ‘ఓ జ్యోత్స్న నాయినా’ అని గుట్టంత కేకేస్తది గాని, పేరు మాత్రం పెట్టదు. కార్డుల ఉన్నది గద, రాసేస్కోండ్రి."

"ఆయనే గాలికి కొట్టుకపోతున్నా పేరు పెట్టి పిలువదు!" అని ఇంకెవరో అందుకున్నారు. హాలంతా నవ్వింది. తలుపు దగ్గర మగవాళ్లూ నవ్వారు. నవ్వనిది నలుగురే.

నవనీత కూడా చిన్నగా నవ్వి, కార్డును దగ్గరికి జరుపుకుంది. "సరేనండి. ఇందులో ఉన్నదే రాస్తాను. దేవయ్య. మీరు నోరు తెరవక్కర్లేదు, అవునని తల ఊపినా చాలు."

అంత తేలిక. తల ఇంత వంగితే చాలు. రెండు గదుల ఫ్లాట్, గోడలు, గడప, ఎవరూ తన్నలేని పొయ్యి. ఇన్నేళ్లు ఆయన మీద గౌరవంతో మూసుకున్న నోరు ఇవాళ మరో నిమిషం మూసి ఉంటే చాలు.

జ్యోత్స్న తల్లి మెడ వైపు చూసింది. ఆ మెడ వంగలేదు.

"నీలమ్మ గారూ?"

"ఆగుండ్రి," అంది నీలమ్మ.

హాలులో నవ్వు ఒక మూల నుంచి మరో మూలకు ఆరిపోతూ వెళ్లింది. ఆమె కుర్చీలోంచి లేచింది. ఫోను పట్టుకున్న మనిషి తడబడి, ఆమె ఎత్తుకు చెయ్యి లేపాడు.

"కార్డుల రాసింది తప్పు. నేను చెప్పకపోతే వాళ్లకు తోచింది రాసిండ్రు. తప్పు నాది."

"అక్కా!" అన్నాడు రవీందర్.

"నువ్వుండు రవీ. మేడం, మా ఇంట్ల కిరాయికి ఎవ్వరు లేరు. వెనక అర్రల బియ్యం సంచులున్నయి. సంతకం పెట్టినాయన నాకు చెప్పకుండ పెట్టిండు. దానికి ఆరు దినాల సంది కొట్లాడుతున్న. ఇంటికి పోయినంక ఇంకా కొట్లాడుత. అది మా ఇద్దరి ముచ్చట. కాని ఆయనను పరాయోడు అని రాయకుండ్రి."

నవనీత లాప్‌టాప్ మూత సగం వంచింది. ఆమె గొంతు తగ్గింది. "మీరు ఆ పేరు చెబితే ఈ సంతకం మీ ఇంటికి వర్తిస్తుందండి. ఫ్లాట్ విషయంలో నేను మాట ఇవ్వలేను. అది తెలిసే చెబుతున్నారా?"

"తెలుసు."

"నీలమ్మా, వద్దు!"

కేక తలుపు దగ్గర నుంచి వచ్చింది. గుంపు పక్కకు జరిగింది. తండ్రి సంచి భుజం మీంచి జారి, లోపలి ఉలులు నేలకు తగిలి గల్లుమన్నాయి. "వద్దే. నా మాటిను. ఊకుండు."

ఆమె ఆయన వైపు చూసింది. మధ్యలో కూతురు లేకుండా, ఎవరూ లేకుండా చూసింది. అలా చూస్తూనే, ఫోనుకు వినబడేటట్టు, గోడల వెంట కూర్చున్న అందరికీ వినబడేటట్టు, నోరు విప్పింది.

"నా పెనిమిటి పేరు మల్లయ్య."